ప్రార్థన చేస్తానని మాట ఇచ్చాక ఏం చేయాలి?

ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు పక్కకి పిలిచి, "అన్నా, మా అబ్బాయి కోసం కొంచెం ప్రార్థన చేయండి" అంటారు. "తప్పకుండా అక్కా" అంటాం. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అంటాం. సోమవారం పొద్దున పిల్లల టిఫిన్లు, డ్యూటీ టైము, గ్యాస్ బుకింగు మొదలయ్యేసరికి ఆ అబ్బాయి పేరు కూడా గుర్తుండదు. ఆ తల్లి మాత్రం మన మాట మీద నమ్మకం పెట్టుకుని, ఎవరో ఒకరు తన బిడ్డ కోసం మోకరిస్తున్నారన్న ధైర్యంతో ఆ వారమంతా గడుపుతుంది.

ప్రవక్త సమూయేలు సంగతి చూడండి. జనం రాజు కావాలని పట్టుబట్టి ఆయన్ని పక్కన పెట్టేశారు. అయినా ఆయన వాళ్లతో, మీ కోసం ప్రార్థించడం మానితే అది యెహోవాకు విరోధంగా నేను చేసే పాపం అవుతుందన్నాడు (1 సమూయేలు 12:23). ఇతరుల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థనని ఆయన అంత బరువైన బాధ్యతగా తీసుకున్నాడు. ఇది పాస్టర్‌గారికో, ఉపవాస కూడికలకి వెళ్లే పెద్దమ్మలకో అప్పజెప్పే పని కాదు. బస్సు కండక్టరు, నర్సు, టీచరు, ఇంట్లో ఉండే తల్లి, కాలేజీ పిల్లలు, ఎవరైనా చేయగలిగేదే. కాకపోతే దానికి కొంచెం పద్ధతి కావాలి. తిరుపతి, చిత్తూరు వైపు మన రోజువారీ బతుకులో అది ఎలా కుదురుతుందో చెప్తాను.

ముందు అక్కడికక్కడే చేయండి

ప్రార్థన అడిగినవాళ్లతో "ఇంటికెళ్లి చేస్తాను" అని వదిలేయకండి. "అక్కా, ఇప్పుడే ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామా?" అని అడగండి. చర్చి గేటు దగ్గరైనా, బస్టాండులోనైనా, ఫోన్‌లోనైనా సరే. వాళ్లు సరే అంటేనే చేయండి. చుట్టూ జనం ఉన్నారని మొహమాటపడితే బలవంతం వద్దు.

నోరు తెరిచే ముందు ఒక ప్రశ్న వేయండి: "ప్రభువు దగ్గర ఏం అడగమంటారు?" ఇది చాలామంది వేయని ప్రశ్న. అబ్బాయికి ఉద్యోగం లేదని మనకి తెలుసు కాబట్టి ఉద్యోగం కోసమే అనుకుని మొదలుపెట్టేస్తాం. అడిగితే ఆ తల్లి, "ఉద్యోగం సంగతి తర్వాత అన్నా, వాడు నెల రోజులుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు, అదే నాకు టెన్షన్" అనవచ్చు. గుడ్డివాడైన బర్తిమయి ఎదురుగా నిలబడినప్పుడు అతనికేం కావాలో యేసుకు తెలియక కాదు. అయినా నీకేం చేయమంటావని అతన్నే అడిగాడు (మార్కు 10:51).

తర్వాత ప్రార్థన పెద్దదిగా ఉండనక్కర్లేదు. "తండ్రీ, ఈ అక్క కొడుకుని మీ చేతుల్లో పెడుతున్నాం. వాడి మనసులో ఏముందో మాకు తెలియదు, మీకు తెలుసు. ఈ వారం వాడు ఒక్కరితోనైనా మనసు విప్పి మాట్లాడేలా చేయండి. ఈ తల్లికి కంటినిండా నిద్ర ఇవ్వండి. యేసు నామంలో అడిగి వేడుకొంటున్నాం తండ్రీ, ఆమేన్." ఇంతే. అరనిమిషం కూడా పట్టదు. నెహెమ్యా పర్షియా రాజు ముందు నిలబడి, ఆ రాజు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పేలోపే దేవునికి ప్రార్థించాడు. అయితే అంతకుముందు చాలా రోజులు ఉపవాసంతో ఏడ్చి ప్రార్థించినవాడు కాబట్టే ఆ చిన్న ప్రార్థన అంత సహజంగా వచ్చింది. అందుకే పని ఇక్కడితో అయిపోదు.

పేర్లు రాసి పెట్టుకోండి

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు గానీ, ఫోన్ తెరవగానే వాట్సాప్ మెసేజ్‌లు కనపడతాయి, మనసు అటే పోతుంది. నా మాట వింటే కాగితమే మేలు. ఒక్కో పేరుకి మూడు సంగతులు రాయండి: వాళ్లు అడిగింది ఏంటి, అడిగిన తేదీ, ముందున్న ముఖ్యమైన తేదీ. ఆపరేషన్ ఎప్పుడు, ఇంటర్వ్యూ ఎప్పుడు, కోర్టు వాయిదా ఎప్పుడు, బ్యాంకువాళ్లు ఇచ్చిన గడువు ఎప్పుడు. ఈ మూడోది రాసుకోవడం వల్లే ఆ రోజు పొద్దున మీ ప్రార్థన వేరుగా ఉంటుంది. పుస్తకం ఎవరి చేతికైనా చిక్కవచ్చు కాబట్టి గోప్యమైన విషయాలకి పేరులో మొదటి అక్షరం చాలు.

ఇప్పుడు ఎన్ని పేర్లు అన్నది. తక్కువతోనే మొదలుపెట్టండి. యాభై పేర్లు రాసుకుని హాజరు పట్టీ చదివినట్టు చదివేయడం కంటే ఐదుగురి కోసం నిలబడి ప్రార్థించడం ఎంతో మంచిది. కొలొస్సయి సంఘానికి చెందిన ఎపఫ్రా గురించి పౌలు రాస్తూ, అతను వాళ్ల కోసం ప్రార్థనలో ఎప్పుడూ పోరాడుతున్నాడన్నాడు (కొలొస్సయులకు 4:12). పోరాటం అంటే టైము పడుతుంది, మనసు పెట్టాలి.

ఇంట్లోవాళ్ల పేర్లు రోజూ ఉండాలి. మిగతావాళ్లని వారానికి పంచుకోవచ్చు. సోమవారం పనిచేసే చోటివాళ్లు, మీ మేనేజరుతో సహా. ఒక రోజు జబ్బుతో ఉన్నవాళ్లు. ఒక రోజు చదువుకునే పిల్లలు, బెంగళూరులో, చెన్నైలో రూములు తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లలు. ఒక రోజు ఊరు, అధికారులు. రాజుల కోసం, అధికారులందరి కోసం విజ్ఞాపనలు చేయమని పౌలు తిమోతికి రాసింది మనకీ వర్తిస్తుంది, మనం ఓటు వేసినవాళ్లయినా వేయనివాళ్లయినా. శనివారం సంఘం, మరునాటి వాక్యం చెప్పే పాస్టర్‌గారు, ఆయన ఇల్లు. పాస్టరమ్మకి, వాళ్ల పిల్లలకి కూడా కష్టాలుంటాయని సంఘంలో ఎవరికీ గుర్తుండదు. అందరి ప్రార్థన అంశాలూ వాళ్లే మోస్తారు. వాళ్లని మోసేవాళ్లు తక్కువ. కనీసం ఈ ఒక్క పేజీ వాళ్లకి కేటాయించండి.

ఏమని అడగాలి?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "ప్రభువా, ఫలానా వాళ్లని దీవించండి" అన్నాక ఇంకేం చెప్పాలో తోచదు. రెండు మార్గాలున్నాయి.

ఒకటి, ఆ మనిషి పరిస్థితి తెలుసుకోవడం. చిత్తూరు దగ్గర మామిడి తోట ఉన్న రైతు కోసం ప్రార్థిస్తున్నారనుకోండి. జూన్, జూలైలలో తోతాపురి కోతకొస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు వరసకట్టి రాత్రింబవళ్లు ఆగితే కాయ మగ్గిపోతుంది. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు రైతుకి కిలోకి 12 రూపాయలు దక్కాలని, అందులో 4 రూపాయలు తాము ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇదంతా తెలిసినవాడి ప్రార్థన ఎలా ఉంటుంది? కాయ పాడవకముందే లోడు దిగాలని, తూకం న్యాయంగా ఉండాలని, డబ్బు టైముకి ఖాతాలో పడాలని, కోతకొచ్చిన కూలీలకి ఆయన కూలి ఎగ్గొట్టే పరిస్థితి రాకూడదని, ఆ అప్పుల ఆలోచనల్లో ఆయన ఒంటరివాడు కాకూడదని అడుగుతాడు. ఫ్యాక్టరీ యజమాని మనసు కోసం కూడా అడుగుతాడు. సంగతి తెలిసే కొద్దీ ప్రార్థనలో మాటలు వాటంతట అవే వస్తాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకునే వ్యక్తి కోసమైతే, వారానికి రెండు మూడు సార్లు గంటల తరబడి మిషన్ పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో, ఆ రోజు రాత్రి ఎంత నీరసంగా ఉంటుందో, నీళ్లు కూడా కొలిచి తాగాల్సి రావడం ఎంత కష్టమో ఆయన్నే అడిగి తెలుసుకోండి.

రెండోది, వాక్యాన్నే ప్రార్థనగా మార్చుకోవడం. పౌలు సంఘాల కోసం చేసిన ప్రార్థనలు ఆయన వాళ్లకి రాసిన పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, ఉన్నాయి: ఎఫెసీయులకు 1, 3 అధ్యాయాలు, ఫిలిప్పీయులకు 1:9 నుంచి 11, కొలొస్సయులకు 1:9 నుంచి 12. వాటిని ఒకసారి నెమ్మదిగా చదవండి. ఈ ప్రార్థనల్లో ఆరోగ్యం, డబ్బు, ఉద్యోగం ఊసే లేదు. అవి అడగకూడదని కాదు. అనుదినాహారం అడగమని ప్రభువే నేర్పాడు. కానీ పౌలు అంతకంటే లోతైనవి అడుగుతాడు: వాళ్ల ప్రేమ తెలివితో పెరగాలని, దేవుని చిత్తం వాళ్లకి తెలియాలని, సంతోషంతో ఓర్చుకునే బలం రావాలని.

ఇప్పుడు ఆ కొలొస్సయుల ప్రార్థనలో మీ పుస్తకంలోని పేరు పెట్టి చూడండి. చెన్నైలో ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముడి కోసమైతే ఇలా: "తండ్రీ, తమ్ముడికి మీ చిత్తం ఏంటో స్పష్టంగా తెలియజేయండి. ఏ ఉద్యోగం ఒప్పుకోవాలో, ఏది వదులుకోవాలో తెలివి ఇవ్వండి. ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పే అవసరం రానివ్వకండి. ఇంకో రెండు నెలలు ఆలస్యమైనా నలిగిపోకుండా ఓర్చుకునే బలం ఇవ్వండి. రూములో తోటి కుర్రాళ్లకి వాడి వల్ల మేలు జరగాలి." ఉద్యోగం కూడా అడగండి. జీతం ఎంత కావాలో కూడా చెప్పండి. కానీ ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ అబ్బాయి ఎలాంటి మనిషిగా మిగులుతాడన్నది కూడా మీ ప్రార్థనలో ఉండాలి.

అసలు మాటలే రాకపోతే? ఒక్కోసారి కష్టం అంత పెద్దదిగా ఉంటుంది. అప్పుడు ఆ పేరు పలికి ఊరుకోండి. ఎలా ప్రార్థించాలో మనకి తెలియనప్పుడు ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు 8:26లో ఉంది. ఆ అధ్యాయంలోనే కాస్త కిందికి, క్రీస్తు దేవుని కుడివైపున ఉండి మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడని కూడా ఉంది. అంటే మీరు మొదలుపెట్టే ముందే ఆ మనిషి కోసం ప్రార్థన జరుగుతోంది. మీరు వెళ్లి అందులో కలుస్తున్నారు.

టైము ఎక్కడ దొరుకుతుంది?

పొద్దున లేవగానే పది నిమిషాలు, ఫోన్ ముట్టుకోకముందు. దానికి మించిన టైము లేదు. ఆ తర్వాత రోజులో ఖాళీలు వాటంతట అవే కనపడతాయి. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ డ్యూటీకి వచ్చేవాళ్లకి బస్సులోనే బోలెడు టైము. కళ్లు మూసుకుంటే నిద్రపోతున్నారనుకుంటారు, పర్వాలేదు. రుయా ఆసుపత్రి వైపు అంబులెన్స్ సైరన్ వేసుకుంటూ పోతే, "లోపల ఎవరున్నారో నాకు తెలియదు ప్రభువా, దారి ఇవ్వండి, డాక్టర్ అందుబాటులో ఉండాలి" అనండి. దానియేలుకి రోజుకి మూడుసార్లు మోకరించే అలవాటుంది, రాజ్యపు పెద్ద ఉద్యోగంలో ఉంటూ కూడా. బండి నడుపుతూ మాత్రం కళ్లు తెరిచే చేయండి.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు

మన ప్రాంతంలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా రుయాకో, స్విమ్స్‌కో, కాళ్లు ఎముకల సంగతైతే బర్డ్‌కో, లేదా చిత్తూరు దాటి వేలూరు సీఎంసీకో వెళ్తారు. విశ్వాసులుగా మనం వెనకే వెళ్తాం. మంచిదే. అయితే వార్డులో ప్రార్థనకి కొన్ని మర్యాదలున్నాయి, వాటిని గట్టిగానే చెప్పాలి.

విజిటర్స్ టైములోనే వెళ్లండి. పదిమంది కలిసి మంచం చుట్టూ మూగకండి, ఇద్దరు చాలు. రోగిని అడగండి, బంధువుల్ని కాదు: "ప్రార్థన చేయమంటారా?" పక్క మంచం మీద ఎవరో ఒకామె అప్పుడే నిద్రలోకి జారుకుని ఉంటుంది, ఆమెది వేరే మతం కావచ్చు, కాకపోవచ్చు, నిద్ర మాత్రం అందరిదీ ఒకటే. గొంతు తగ్గించి, రెండు నిమిషాల్లో ముగించండి. నర్సు డ్రిప్ మార్చడానికి వస్తే ఆపి పక్కకి జరగండి. నూనె రాసి ప్రార్థించాలని కుటుంబం కోరితే సంఘ పెద్దల్ని పిలవమంటుంది యాకోబు పత్రిక (5:14). కాబట్టి పాస్టర్‌గారికి ఫోన్ చేయండి. నుదుటి మీద ఒక చుక్క చాలు; గాయం మీద, కుట్ల మీద వద్దు. ఆపరేషన్ ముందు ఏమీ తినకూడదు, తాగకూడదు అని చెప్పిన రోగి నోట్లో ప్రార్థించిన నూనె గానీ నీళ్లు గానీ పోయకండి. సీఎంసీలో చాప్లిన్లు, అంటే ఆసుపత్రి పాస్టర్లు, ఉంటారు, అడిగితే వార్డుకే వచ్చి ప్రార్థిస్తారు. ఊరుగాని ఊరిలో అది చాలా పెద్ద తోడు.

ఇక అనకూడని మాటలు. "మందులు ఆపేయండి, దేవుడు స్వస్థపరిచేశాడు" అని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఎవరైనా చెప్తుంటే అక్కడే ఆపండి. షుగరు మాత్రలు, టీబీ మందులు, ఫిట్స్ మందులు మధ్యలో ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత నిజమైతే డాక్టర్ పరీక్షలో కూడా తెలుస్తుంది, ఆయనే తగ్గిస్తాడు. "మీ విశ్వాసం చాలలేదు" అనకండి. "ఏదో పాపం ఉండి ఉంటుంది" అసలే అనకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఇతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదన్నాడు యేసు (యోహాను 9:3). ఎంతోమంది స్వస్థత కోసం వాడబడిన పౌలే, త్రోఫిమును జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపు జబ్బుకి ఏం తీసుకోవాలో చెప్పాడు. జబ్బుపడడం అవిశ్వాసం కాదు.

అక్కడ ప్రార్థించదగ్గవి మాత్రం చాలా ఉన్నాయి. మత్తు ఇచ్చే డాక్టరు, ఆపరేషన్ చేసే చేతులు, రాత్రి డ్యూటీ నర్సు. రోగికి తోడుగా వచ్చి వరండాలో చాప వేసుకుని పడుకునే అటెండరు, ఆయన పోగొట్టుకుంటున్న కూలి. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) అప్రూవల్. ఇంటి దగ్గర పక్కింట్లో వదిలి వచ్చిన పిల్లలు. ప్రార్థన ముగించాక ఆ అటెండర్‌ని అడగండి, "భోంచేశారా?" అని. అన్నం, బట్ట లేనివాళ్లతో "సమాధానంగా (శాంతితో) వెళ్లండి" అని మాత్రం చెప్పి పంపితే ఏం లాభమని యాకోబు అడిగాడు. సాయంత్రం ఒక క్యారియర్ పంపండి. రక్తం కావాలంటే మీ యూత్ గ్రూపులో అడగండి.

మన ప్రాంతంలోనే దీనికొక పెద్ద ఉదాహరణ ఉంది. క్షయకి సరైన మందే లేని రోజుల్లో, 1912లో, వేర్వేరు క్రైస్తవ మిషన్ సంస్థలు చేయి కలిపి మదనపల్లెలో క్షయ రోగుల కోసం శానిటోరియం మొదలుపెట్టాయి. 1915లో అది ఊరి బయటికి మారింది, ఆ చోటే ఆరోగ్యవరం. వాళ్లు రోగుల కోసం ప్రార్థించారు, దానితోపాటు మంచాలూ వేశారు.

చెప్పిన మాట ఎక్కడ ఆగాలి?

దీని మీద కొంచెం కఠినంగా మాట్లాడాలి. ప్రార్థన అంశం పేరుతో ఇంటి గుట్టు ఊరంతా తిరగడం మన సంఘాల్లో ఉన్న పెద్ద జబ్బు. ఒక అక్క ఏడుస్తూ మీకు చెప్పిన మాట, "ఫలానా అక్క కూతురు కాపురం కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పడుతుంది. సాయంత్రానికి అది వియ్యాలవారి ఫోన్‌లో ఉంటుంది. ఆ కూతురు మళ్లీ చర్చికి రాదు.

కాబట్టి అడిగినప్పుడే తేల్చుకోండి: "ఇది నా దగ్గరే ఉంచుకోనా, పాస్టర్‌గారికి చెప్పనా, గ్రూపులో పెట్టొచ్చా?" వాళ్లు ఎక్కడిదాకా అంటే అక్కడిదాకే. గ్రూపులో పెట్టాల్సి వస్తే "ఒక కుటుంబంలో సమాధానం కోసం" అంటే దేవునికి అర్థమవుతుంది. జబ్బు పేరు, రిపోర్టు ఫోటో, అప్పు ఎంత, ఇవేవీ అక్కర్లేదు. మీ భర్తకి గానీ భార్యకి గానీ చెప్పాలన్నా అడిగే చెప్పండి.

ఒక్క విషయంలో మౌనం పనికిరాదు. భర్త కొడుతున్నాడని, పసిబిడ్డకి అన్యాయం జరుగుతోందని, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెప్తే ప్రార్థన చేసి పంపేయకండి. "ఓర్చుకో అమ్మా" అనకండి. పక్కనే కూర్చుని సహాయానికి ఫోన్ చేయించండి: మహిళలకి 181, పిల్లల కోసం 1098, మనసు కుంగిపోయినవాళ్లకి టెలి మానస్ 14416, ప్రాణాపాయమైతే 112. వాళ్లు భద్రంగా ఉన్నారని తెలిశాక మోకరించండి.

పక్కింటివాళ్ల కోసం, ఈ ఊరి కోసం

తిరుపతిలో ఉంటూ పక్కింటి హిందూ కుటుంబం కోసం ప్రార్థించని క్రైస్తవుడు తన వీధి కోసం ప్రార్థించనట్టే. బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లకే యిర్మీయా, మీరున్న పట్టణం క్షేమాన్ని వెదకండి, దాని కోసం ప్రార్థించండి అని రాశాడు (యిర్మీయా 29:7). మనం చెరలో లేం. ఇది మన సొంత ఊరు. ఈ ఊరి నీళ్ల కోసం అడగండి. రోజూ వేలమంది యాత్రికులు దిగే బస్టాండులో, రైల్వే స్టేషన్లో తప్పిపోయే పిల్లల కోసం, ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపే డ్రైవర్ల కోసం, తెల్లవారకముందే వీధులు ఊడ్చే మున్సిపల్ కార్మికుల కోసం అడగండి. ఎవరి మీదా కోపంతో ప్రార్థించకండి. ఏ వీధి మీదా, ఏ గుడి మీదా "కూలిపోవాలి" అనే మాట క్రైస్తవుడి ప్రార్థనలో ఉండకూడదు.

పక్కింటి వదినకి కష్టమొస్తే, "మీ కోసం మా ఇంట్లో ప్రార్థన చేసుకోవచ్చా వదినా?" అని అడగవచ్చు. చాలామంది సంతోషంగా సరే అంటారు. వద్దంటే చిన్నబుచ్చుకోకండి, పట్టుబట్టకండి. ఆమె కోసం దేవుడితో చెప్పుకోవడం మీ ఇష్టం. ఆమె ముందు ఆ మాట ఎత్తడం ఎత్తకపోవడం ఆమె ఇష్టం. మీరు చేసే సాయం దేనికీ బదులుగా ఉండకూడదు. చర్చికి వస్తేనే సాయం అన్న మాట మీ నోట గానీ మీ మనసులో గానీ ఉంటే అది ప్రేమ కాదు.

మనసు ఒప్పుకోని పేరు

మీ పుస్తకంలో రాయబుద్ధి కాని పేరు ఒకటి ఉంటుంది. పొలం పంపకాల్లో మోసం చేసిన చిన్నాయన కావచ్చు, మీ మీద చాడీలు చెప్పిన సహోద్యోగి కావచ్చు. శత్రువుల కోసం, హింసించేవాళ్ల కోసం ప్రార్థించమన్నాడు యేసు. మొదట్లో పేరు పలకడమే కష్టం. "ప్రభువా, ఇతని కోసం ఏం అడగాలో నాకు రావడం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కొన్నాళ్లకి అతని పిల్లల కోసం అడగగలుగుతారు. అతని ఆరోగ్యం కోసం అడగగలుగుతారు. యోబు తనని అంత నొప్పించిన స్నేహితుల కోసం ప్రార్థించినప్పుడే అతని స్థితి మారిందని ఉంది (యోబు 42:10). ప్రార్థిస్తున్నారు కాబట్టి కోర్టు కేసు వదులుకోవాలని గానీ, కొట్టేవాడి ఇంటికి తిరిగి వెళ్లాలని గానీ దీని అర్థం కాదు.

జవాబు రాకపోతే

కొన్ని పేర్లు పుస్తకంలో ఏళ్లకేళ్లు ఉంటాయి. కొన్నిటి జవాబు మనం కోరనిది. దావీదు తన బిడ్డ కోసం ఏడు రోజులు ఉపవాసం ఉన్నాడు, బిడ్డ చనిపోయాడు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది అలాగే ఉంది. నా కృప నీకు చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. గెత్సేమనే తోటలో యేసు తొలగించమని అడిగిన గిన్నె, అంటే ఆయన ముందున్న శ్రమ, కూడా తొలగిపోలేదు. కాబట్టి ఆ కుటుంబం దగ్గరికి వెళ్లి కారణాలు చెప్పకండి. "ఇది దేవుని చిత్తం" అన్నది అంత్యక్రియల రోజు బయటివాళ్లు అనాల్సిన మాట కాదు. పక్కన కూర్చోండి.

ఆ పేరు కొట్టేయకండి కూడా. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి బంధువులంతా వెళ్లిపోయాకే ఇల్లు ఖాళీ అవుతుంది. అంశం మార్చి రాయండి: ఆ భార్యకి పింఛను కాగితాలు, పిల్లల ఫీజులు, ఆమె రాత్రులు, మొదటి క్రిస్మస్. నెలకోసారి పుస్తకం మొదటి నుంచి తిరగేసి, జవాబు వచ్చినవాటి పక్కన తేదీ రాయండి. అడిగినవాళ్లకి ఫోన్ చేసి వాళ్లతో కలిసి కృతజ్ఞత చెప్పండి. యేసు వల్ల పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చింది ఒక్కడే కదా.

ఒంటరిగా మోయకండి

అమాలేకీయులతో యుద్ధంలో మోషే ఎత్తి ఉంచిన చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు చెరొక పక్క నిలబడి పొద్దుగుంకేదాకా ఎత్తి పట్టుకున్నారు (నిర్గమకాండము 17:12). ఎంత మంచి ప్రార్థనాపరులకైనా చేతులు దించే రోజులొస్తాయి. మాట బయటికి పోనివ్వరని మీకు నమ్మకమున్న ఇద్దరిని చూసుకుని వారానికొకసారి కలవండి, లేదా ఫోన్‌లో కాన్ఫరెన్స్ పెట్టుకోండి. అరగంట చాలు. అంశాలు చెప్పుకోవడానికి పది నిమిషాలు మించనివ్వకండి, లేకపోతే అరగంటా మాటలకే పోతుంది. ఒకరు పావుగంట ప్రార్థించి మిగతావాళ్లు "ఆమేన్" అనడం కంటే, తలా ఒక పేరు తీసుకుని రెండేసి వాక్యాలు చెప్పడం బాగుంటుంది. పిల్లలుంటే వాళ్లకీ ఒక పేరు ఇవ్వండి. క్లాసులో దెబ్బ తగిలిన తమ స్నేహితుడి కోసం వాళ్లు అడిగే తీరు సూటిగా ఉంటుంది.

మీ సంఘం దాటి కూడా చూడండి. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం, జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థనా వారం. ఊళ్లోని వేరే సంఘంవాళ్లని ఇంటికి పిలిచి కలిసి ప్రార్థించడానికి ఇవి మంచి సందర్భాలు.

మోకాళ్ల నొప్పులతో చర్చికి రాలేని అవ్వలు, తాతలు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లని మనం ప్రార్థన కావాల్సినవాళ్లుగానే చూస్తాం, ప్రార్థించేవాళ్లుగా చూడం. వాళ్లకి టైము ఉంది, తెల్లవారుజామున మెలకువ ఉంది, కష్టం అంటే ఏంటో తెలుసు. అనుమతి ఉన్న పేర్లని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చూపు ఆనకపోతే మనవడితో చదివించుకుంటారు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, పోయిన వారం పేర్లలో ఎవరికి ఏమైందో చెప్పి, ఈ వారం పేర్లు ఇవ్వండి.